నొప్పికి నలభై నాలుగేళ్ల ముందు

చీకటి. వెచ్చని నీళ్లు. మోకాళ్లు గడ్డానికి ఆనుకుని ఉన్నాయి. చుట్టూ ఆగకుండా ఒకటే చప్పుడు. అమ్మ గుండె.

1980 డిసెంబర్. గడివేముల. నువ్వింకా పుట్టలేదు, నీకు ఆరో నెల. అరకిలో దాటావు, అంతే. అమ్మ పత్తి చేలో ఉంది. ఆమె వంగినప్పుడల్లా నువ్వు ముందుకు ఒరుగుతావు. లేస్తే సర్దుకుంటావు. నల్లరేగడి నెర్రెల్లో ఆమె కాలు తడబడితే నీకూ కుదుపు తగులుతుంది. కట్టుకున్న ఒడిలో పత్తి నిండేకొద్దీ ఆ బరువు నీ మీద ఆనుతుంది.

పొద్దున ఒక జొన్నరొట్టె, ఇంత ఊరిమిండి తిని వచ్చింది. ఇంట్లో అందరూ తిన్నాక మిగిలింది అదే. ఇప్పుడు పొద్దు నడినెత్తి దాటింది. ఆమె ఇంకా ముద్ద ముట్టలేదు. బొడ్డుతాడులోంచి వచ్చే రక్తంలో చక్కెర తగ్గుతోంది. ఆ ఆకలి నీకు కడుపులో కాదు, ఒళ్లంతా తెలుస్తుంది.

ఉన్న కాస్త రక్తం ముందు ఎవరికి? ఈ నిర్ణయం నీ ఒళ్లే తీసుకుంటుంది. ముందు మెదడుకు. కాలేయం ఆగాలి. మూత్రపిండాలు ఆగాలి. కాళ్లు ఆగాలి. సరైన నిర్ణయమే, దానివల్లే నువ్వు బతికి బయటపడతావు. దాని వెల మాత్రం ఇప్పుడే కనబడదు.

నీ ఛాతీలోకి చూడు. గుండె నుంచి కిందికి దిగే పెద్ద ధమని మూడు నాలుగు మిల్లీమీటర్ల లావు. దాని గోడలో ఎలాస్టిన్ అనే సాగే నార ఇప్పుడే అల్లుకుంటోంది. కాన్పుకు ముందు నెలల్లో, పుట్టిన తొలి నెలల్లో ఈ అల్లిక జోరుగా సాగుతుంది. తర్వాత దాదాపు ఆగిపోతుంది. ఇప్పుడు అల్లుకున్న నారతోనే నీ ధమని ఇక జీవితమంతా సాగుతూ ముడుచుకుంటూ ఉండాలి. సరుకు తగ్గితే అల్లిక పలచబడుతుందని, ధమని ముందుగానే బిరుసెక్కుతుందని వాదించే శాస్త్రవేత్తలు ఉన్నారు.

ఇంకా లోపలికి రా. గోడలోని ఒక్క కణంలోకి. అక్కడ నీ జన్యువులన్నీ ఉన్నాయి, అమ్మవీ నాయనవీ. ఒక్క అక్షరమూ చెడలేదు. కానీ ఒక జన్యువు మొదట్లో కొత్తగా ఏదో వచ్చి అతుక్కుంది. ఒక కార్బన్, మూడు హైడ్రోజన్లు. పేరు మిథైల్. కేసీ కెనాల్ పిల్లకాలువకు తూము తలుపు దించితే ఏమవుతుందో నీకు తెలుసు. చేను చేనుగానే ఉంటుంది, విత్తనం విత్తనంగానే ఉంటుంది, నీళ్లు మాత్రం పారవు. ఇక్కడ జరిగింది అదే. ఇంకోచోట ఉండాల్సిన మిథైల్ లేదు, మూసి ఉండాల్సిన జన్యువు పారుతూనే ఉంది. జన్యువు రాత మారకుండా దాని పని మారిపోయే ఈ గుర్తులనే ఎపిజెనెటిక్ మార్పులు అంటారు. కణం రెండుగా చీలినప్పుడు గుర్తు కూడా పిల్లకణానికి వెళ్తుంది. అందుకే కడుపులో పడిన ఒక గుర్తు నడివయసు దాకా నిలవగలదు.

ఆ మిథైల్ ఎక్కడినుంచి వచ్చింది? అమ్మ తిన్న దాంట్లోంచే. గోగాకులో, తోటకూరలో, శనగల్లో, పెసల్లో ఉండే ఫోలేటు, పాలల్లో గుడ్లలో ఉండే బి12 విటమిను, ఇవి రెండూ కలిసి నడిపే పని అది. ఆ ఫోలేటును మొట్టమొదట కృత్రిమంగా తయారుచేసిన బృందాన్ని నడిపింది మనవాడే. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అమెరికాలో లెడర్లీ సంస్థలో, 1945లో. అంతకు ముందే, బొంబాయి బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణుల పాలిపోయిన ముఖాలు చూసి, వాళ్ల తిండిలో ఏదో లోపించిందని 1931 నాటికే పట్టుకున్నది డాక్టరు లూసీ విల్స్. నిండు గర్భంతో కూలికి పోయే ఆడవాళ్ల రక్తం నుంచే ఈ కథంతా మొదలైంది. ఇప్పుడు అదే రక్తంలో నువ్వు ఉన్నావు. నీ చుట్టూ శనగ పండే నేల. నీకు అందాల్సిన పప్పు సంచుల్లోకెక్కి అంగడికి పోతోంది.

ఇలాంటి పూట ఒకటైతే ఒళ్లు తట్టుకుంటుంది. వారాలు సాగితే? 1944-45 చలికాలంలో జర్మన్ సైన్యం నెదర్లాండ్స్ పడమటి ప్రాంతానికి తిండి రాకుండా అడ్డుకుంది. ఆ ఆకలి రోజుల్లో తల్లి కడుపులో తొలి నెలల్లో ఉన్నవాళ్లను అరవై ఏళ్ల తర్వాత పరీక్షించారు. పెరుగుదలను నడిపే ఐజీఎఫ్2 అనే జన్యువు మీద, ఆకలి తాకని వాళ్ల సొంత అక్కచెల్లెళ్లతో, అన్నదమ్ములతో పోలిస్తే, మిథైల్ గుర్తులు తక్కువగా ఉన్నాయి. ఈ ఫలితం 2008లో వెలువడింది. అరవై ఏళ్లు చెరగలేదు.

నీకు వెంటనే ధాత కరువు గుర్తొస్తుంది. 1876-78. కర్నూలు జిల్లాను ఊడ్చేసిన కరువు. కరువు పనుల్లో రోజంతా రాళ్లు మోసిన మనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, అంటే అరకిలోకు తక్కువ, పైన కాసిన్ని పైసలు చాలని రిచర్డ్ టెంపుల్ దొర లెక్కకట్టిన కరువు. ఆ ఆకలి నీ దాకా దిగివచ్చిందా? తొందరపడకు. పిండం ఏర్పడే తొలి రోజుల్లో తల్లిదండ్రుల గుర్తుల్లో చాలావరకు చెరిగిపోతాయి. మనుషుల్లో ఇవి తరతరాలు దిగుతాయని రుజువు కాలేదు. నీ మీద పడిన గుర్తులకు కారణం వెతకాలంటే నూరేళ్లు వెనక్కి పోనక్కరలేదు. ఈ చేను, ఈ మధ్యాహ్నం చాలు.

ఇంకొక్కటి చూసి బయటికి పోదాం. ధమని లోపలి పొర మీద అక్కడక్కడా సన్నటి పసుపు చారలు. కొవ్వు. పుట్టకముందే! ఇటలీలో క్లాడియో నాపోలి బృందం నెలలు నిండకుండా చనిపోయిన పిండాల ధమనులు పరీక్షించి 1997లో ఈ చారలను చూపించింది. తల్లికి కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉంటే చారలూ ఎక్కువ. సాధారణంగా ఉన్న తల్లుల బిడ్డల్లోనూ కొన్ని ఉన్నాయి.

అమ్మ నడుం నిమురుకుంటూ చెట్టు నీడకు చేరింది. సద్దిమూట విప్పుతోంది. తీపి రక్తం మళ్లీ నిన్ను చేరుతుంది. కాలు ఒకటి తన్నుతావు.

1981 మార్చి. బయటపడ్డావు. వెలుతురు, చలి, ఏడుపు. "సన్నంగుండాడు గానీ గట్టోడే" అంటుంది మంత్రసాని. నిన్ను తూచేవాళ్లు లేరు. తూచి ఉంటే రెండున్నర కిలోలకు లోపే. ఇంగ్లండులో హెర్ట్‌ఫర్డ్‌షైర్ నర్సులు 1911 నుంచే పుట్టిన ప్రతి బిడ్డనూ తూచి పుస్తకంలో రాసిపెట్టారు. ఆ పుస్తకాలు పట్టుకుని డేవిడ్ బార్కర్ అనే శాస్త్రవేత్త, ఆ బిడ్డలు పెద్దయ్యాక ఎలా చనిపోయారో వెతికాడు. పుట్టినప్పుడు, ఏడాది నిండినప్పుడు బరువు తక్కువున్న మగవాళ్లే గుండెజబ్బుతో ఎక్కువగా పోయారని 1989లో చెప్పాడు. చాలామంది నమ్మలేదు. గుండెజబ్బంటే తిని కూర్చున్నవాళ్ల జబ్బు అనుకునే కాలం.

ఆరేళ్లొచ్చాయి. 1987. పలక పట్టుకుని బడికి పోతున్నావు. ఒక్క క్షణం గడివేముల వదిలి హైదరాబాదు చుట్టుపక్కల పల్లెకు వచ్చి వరుసలో నిలబడు. గిన్నె పట్టుకో. వేడి ఉప్మా వాసన. మొక్కజొన్న, సోయా కలిపిన పిండి, సోయా నూనె. ఆదివారం తప్ప రోజూ పెడతారు. నీ గిన్నెలో పడేది 300 కేలరీలు. నీ ముందు నిండు గర్భిణి ఉంది, ఆమెకు 500. ఇది జాతీయ పోషకాహార సంస్థ పరిశోధన. 29 పల్లెలు. పదిహేనింటికి ఐసీడీఎస్ అనే ప్రభుత్వ పథకం తిండి వచ్చింది, పద్నాలుగింటికి ఇంకా రాలేదు. వచ్చిన ఊరిలో పుట్టావా, రాని ఊరిలోనా? ఎంచుకునే వీలు నీకు లేదు. ఊరి పేరే నీ అదృష్టం.

గిన్నె ఖాళీ చేసి అక్కడే ఉండు. పదహారేళ్లు గడిచాయి. 2003. అదే పల్లె. ఈసారి నువ్వు ఆ గర్భిణికి పుట్టిన పిల్లవాడివి. నిన్ను బల్ల మీద పడుకోబెట్టారు. మణికట్టు మీద పెన్ను మొనంత పరికరం ఆనించారు. కదలొద్దు. నాడి ఒక్కో అలగా తెర మీదికి ఎక్కుతోంది. మెత్తని ధమనిలో ఆ అల తాపీగా పోయి, తాపీగా తిరిగొస్తుంది. బిరుసెక్కినదైతే తొందరగా తిరిగొచ్చి గుండెను ఎదురు తంతుంది. ఇలా 1,165 మంది పిల్లలను, పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వాళ్లను, కొలిచారు. ఉప్మా అందిన పల్లెల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడవు. వాళ్ల ధమనుల బిరుసు సూచిక 3.3 శాతం తక్కువ. ఇన్సులిన్‌కు ఒళ్లు మొరాయించడమూ తక్కువే. సంజయ్ కిన్రా బృందం 2008లో ఈ ఫలితాలు ప్రచురించింది. చిన్న అంకెలే అని కొట్టిపారేయకు. ఒక గిన్నె ఉప్మా, మీసం రాని పిల్లవాడి ధమని గోడలో దొరికింది!

జన్యువుల మీది గుర్తులను ఆ పరిశోధన కొలవలేదు. ఆ ముక్క హైదరాబాదులోనే ఇంకోచోట దొరుకుతుంది. సీసీఎంబీ పరిశోధన సంస్థలో గిరిరాజ్ రతన్ చాందక్ బృందం, బి12 మాత్రలు ఇచ్చిన పిల్లల రక్తంలో, మధుమేహంతో సంబంధమున్న జన్యువుల మీద మిథైల్ గుర్తులు మారడం చూసి 2018లో చెప్పింది. తిండి జన్యువుల దాకా వెళ్తుందన్నది ఇప్పుడు మన ప్రయోగశాలల్లో కనబడుతున్న విషయం.

తిరిగి నీ కథలోకి. నీకు పంతొమ్మిది. నంద్యాల బస్టాండు వెనక. పక్కవాడు బీడీ వెలిగించి నీ ముందు పెట్టాడు.

"ఒక్క దమ్ము లాగప్పా. ఏం కాదు."

వద్దనొచ్చు. చుట్టూ నలుగురున్నారు. నలుగురూ చూస్తున్నారు. తీసుకుంటావు.

దగ్గు. కళ్లల్లో నీళ్లు. నవ్వులు. పొగ ఊపిరితిత్తుల నుంచి రక్తంలోకి దిగడానికి సెకన్లు చాలు. ఆ రక్తంతోపాటు నువ్వూ దిగు. పెద్ద ధమనిలోంచి పక్కకు తిరిగి గుండె పైన అల్లుకున్న ధమనిలోకి. నేరుగా ఉన్న చోట రక్తం నున్నగా, జోరుగా సాగుతోంది. గోడ మీది కణాలన్నీ ప్రవాహం వైపుకే సాగి, పొడవుగా, సర్దుకుని పడుకున్నాయి. ఇక్కడ వాటికి ఏ కష్టమూ లేదు.

ముందు ధమని రెండుగా చీలుతోంది. జాగ్రత్త! చీలిక బయటి గోడ దగ్గర ప్రవాహం తడబడుతుంది. ముందుకు తోస్తుంది, వెనక్కి లాగుతుంది, సుడి తిరుగుతుంది. ఇక్కడి కణాలకు ఏ వైపు తిరగాలో తెలియదు. గుండ్రంగా ముడుచుకుని ఉన్నాయి. వాటి లోపల మిథైల్ అంటించే ఎంజైములు పెరిగాయి. కేఎల్ఎఫ్4 అనే జన్యువు మొదట్లో ఒకటి, రెండు, పది గుర్తులు. గోడను నున్నగా ఉంచే జన్యువు అది, వాపును ఆపే జన్యువు. ఇక్కడ అది మూతపడుతోంది. 2014లో పందుల ధమనుల్లో, ఎలుకల్లో, ప్రయోగశాలలో పెంచిన మనిషి కణాల్లో మూడు బృందాలు ఇంచుమించు ఒకేసారి ఇలాంటి మార్పులు చూశాయి. ఆ ఎంజైమును మందుతో ఆపితే ఎలుకల ధమనుల్లో కొవ్వు పేరుకోవడం తగ్గింది. గుండెపోటు గడ్డలు ఎక్కడ పడితే అక్కడ రావు, చీలికల దగ్గరే ఎక్కువగా వస్తాయి. ఎందుకో ఇక్కడ నిలబడితే తెలుస్తుంది.

పొగ వచ్చి తగిలింది. పొగలోని విషాలకు ఒళ్లు ఇచ్చే జవాబును అదుపులో పెట్టే ఏహెచ్ఆర్ఆర్ జన్యువు మీద రక్తకణాల్లో గుర్తులు ఊడిపోతున్నాయి. కాల్చేకొద్దీ ఇంకా ఊడతాయి. రక్తపు చుక్క చూసి నువ్వు పొగ తాగుతావో లేదో చెప్పగలిగేంత స్పష్టంగా. పొగతాగే తల్లులకు పుట్టిన పసివాళ్ల బొడ్డుతాడు రక్తంలోనూ ఇదే మార్పు 2012లో కనబడింది.

నీకు ఛాతీలో ఏ నొప్పీ లేదు. కబడ్డీ ఆడుతున్నావు. కొరియా యుద్ధంలో చనిపోయిన 300 మంది అమెరికా సైనికుల గుండెలు కోసి చూసినవాళ్లు 1953లో ఏం రాశారో తెలిస్తే ఆ బీడీ పారేసేవాడివేమో. సగటు వయసు ఇరవై రెండు. నూటికి డెబ్బై ఏడుగురిలో గుండె ధమనుల జబ్బు అప్పటికే మొదలైంది. వాళ్లకూ ఏ నొప్పీ లేదు.

ముప్పై ఒకటి. సిమెంటు లారీ తోలుతున్నావు. కాళ్లూ చేతులూ సన్నమే, పొట్ట మాత్రం ముందుకొచ్చింది. మూడు పూటలా కర్నూలు సోనా అన్నం, రోడ్డు పక్కన ఐదారు టీలు, ప్రతి టీలో చక్కెర. నంద్యాల పరిశోధన కేంద్రం సూర్యనంది అని మంచి కొర్ర విత్తనాన్ని ఇచ్చింది. చేలలో ఉన్న కొర్ర నీ పళ్లెంలోకి రావడం లేదు.

తిన్న అరగంటకు రక్తంలో చక్కెర ఎగసింది. రెండు గంటల్లో దిగింది. దిగిపోయిందిగా, ఏమవుతుంది అంటావు. మెల్‌బోర్న్‌లో ధమని గోడ కణాలను పదహారు గంటలు ఎక్కువ చక్కెరలో ఉంచి, తర్వాత ఆరు రోజులు మామూలు చక్కెరలో ఉంచారు. ఆరో రోజునా వాపును రగిలించే జన్యువు దగ్గర ఎపిజెనెటిక్ గుర్తు అలాగే ఉంది. చక్కెర మరిచినా కణం మరవలేదు. తెల్లరక్తకణాలదీ ఇదే తీరు. చెడ్డ కొవ్వును కాసేపు రుచి చూపించి తీసేసినా, రోజుల తర్వాత కూడా అవి మామూలుకన్నా ఎక్కువగా రెచ్చిపోతాయని 2014లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు చూశారు.

చీలిక దగ్గరికి మళ్లీ రా. గోడ ఉబ్బింది. లోపలి పొర కిందికి కొవ్వు దూరింది. దాన్ని తినడానికి తెల్లకణాలు దూరాయి. తిని, ఉబ్బి, అక్కడే చచ్చాయి. పైన పలచటి మూత. మూత మీద ప్రతిరోజూ లక్ష దెబ్బలు. ఒక్కొక్కటీ నీ గుండెదే.

ఊళ్లో నలభై దాటినవాళ్లు నిద్రలోనే పోయారని అప్పుడప్పుడు వింటున్నావు. గోదావరి జిల్లాల్లో 45 పల్లెల్లో ఏడాది పాటు ప్రతి చావునూ ఇంటింటికీ వెళ్లి అడిగి రాసిన పరిశోధన ఒకటుంది, 2003-04 నాటిది. 1,354 చావులు. నూటికి ముప్పై రెండు గుండె, రక్తనాళాల జబ్బులవే. పట్నాల్లో కాదు, పల్లెల్లో.

2024 డిసెంబర్. నీకు నలభై మూడు. తెల్లవారుజాము మూడున్నర.

మెలకువ వచ్చింది. ఛాతీ మధ్యలో ఏదో బరువు. లేచి కూర్చున్నావు. పోలేదు. చలికాలం. బనియను తడిసింది.

"ఏమయ్యా, ఈ సెమటలేంది?"

"గ్యాసు. పండుకో."

నిజంగా గ్యాసే అనుకుంటున్నావు. రాత్రి బజ్జీలు తిన్నావు. సోడా తాగితే పోతుంది. తెల్లారనిస్తే చాలు.

ఎడమ చేయి లాగుతోంది. దవడ కూడా.

లోపల మూత చిట్లింది. కొవ్వు రక్తానికి తగిలింది. రక్తం గడ్డకడుతోంది. చీలిక దగ్గరే.

ఎంచుకో. తెల్లారేదాకా ఆగడమా? మోటారు సైకిలెక్కి నువ్వే పోవడమా? ఊరి వైద్యుడిని లేపడమా?

నువ్వు చెప్పులు వెతుకుతున్నావు. బండి తాళం ఆమె చేతిలో ఉంది. ఇవ్వదు.

"బండొద్దు, ఏమొద్దు. కూసో." 

ఫోను తీసింది. 108.

కూర్చో. నడవొద్దు. ఊపిరి పీల్చు. మళ్లీ.

గడ్డ పెరుగుతోంది. దాటిన ప్రతి నిమిషం కొంత గుండె కండరం చస్తోంది. చచ్చింది తిరిగి రాదు.

వెలుతురు. సైరను. ఎక్కించారు. నోట్లో మాత్ర. నమలు. చేదు. మింగు. నంద్యాల రోడ్డు. గుంత. కుదుపు. నొప్పి. చేయి ఎవరో పట్టుకున్నారు. ఆమె.

వదలొద్దు.

ఆసుపత్రి. చల్లని జిగురు. తీగలు. కాగితం. గీతలు పైకి లేచి ఉన్నాయి. డాక్టరు ఫోటో తీసి కర్నూలుకు పంపింది. జవాబు వచ్చింది.

"ఎప్పుడు మొదలైంది?"

"మూడున్నర."

"మంచి పని చేశారు. తొందరగా వచ్చారు."

సూది. టెనెక్టెప్లేజ్. గడ్డను కరిగించే మందు. బయట కొనాలంటే వేలల్లో. 2023లో రాష్ట్రంలో గుండెపోటు చికిత్స కోసం మొదలైన స్టెమీ కార్యక్రమం వల్ల ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం. దాని కోసం తాళిబొట్టు తాకట్టు పెట్టనక్కరలేదు.

ఆగు.

ఆగు.

బరువు దిగుతోంది. కొంచెం. ఇంకొంచెం. గీతలు కిందికి వచ్చాయి. రక్తం పారింది.

మధ్యాహ్నం కర్నూలు పెద్దాసుపత్రి. మణికట్టులోంచి సన్నని గొట్టం. తెర మీద నీ ధమని నల్లగా కదులుతోంది. డాక్టరు వేలు ఒకచోట ఆగింది. చీలిక దగ్గర. అక్కడ స్టెంటు వేశారు.

మూడో రోజు లేచి కూర్చోనిచ్చారు. ఇప్పుడు నిన్ను అడుగుతున్నది డాక్టరు కాదు, నువ్వే. ఇదంతా కడుపులోనే రాసిపెట్టి ఉంటే నేను చేయగలిగిందేముంది?

ఉంది. రాసినవాటిలో కొన్ని చెరుగుతాయి. పొగ మానేసినవాళ్ల రక్తంలో పొగ వేసిన గుర్తుల్లో ఎక్కువ భాగం ఐదేళ్లలో మామూలుకు వచ్చేస్తాయని వేల మందిని పరీక్షించిన పరిశోధన 2016లో తేల్చింది. ముప్పై ఏళ్లయినా పోనివి కొన్ని ఉన్నాయి. ఇప్పుడే ఆపితే ఆ ఐదేళ్ల లెక్క ఇప్పుడే మొదలవుతుంది. కొలెస్ట్రాల్ మాత్ర, బీపీ మాత్ర, రక్తం పలచబడే మాత్రలు గుర్తుల కోసం ఎదురుచూడవు. ఇవాళ్టి నుంచే తమ పనిలో ఉంటాయి. డాక్టరును అడగకుండా ఒక్కటీ ఆపొద్దు.

కూతురు చూడ్డానికి వచ్చింది. ఐదో నెల. స్టూలు మీద కూర్చుని ఏడుస్తోంది. అంగన్‌వాడీలో ఇచ్చే గుడ్లు, పాలు తింటున్నావా అని అడుగు. సిగ్గుపడుతూ చెబుతుంది. ఇంటికి తెస్తే పిల్లలూ పెద్దోళ్లూ పంచుకుంటారు, తనకు రోజు విడిచి రోజు ఒకటి మిగులుతుంది. ఐరన్ ఫోలిక్ మాత్ర వికారంగా ఉందని మానేసింది. నువ్వు ఆమె అత్తగారికి ఫోను చేయాలి. మగవాళ్లు మాట్లాడే విషయం కాదని వెనకాడతావు. వెనకాడొద్దు. అల్లుడికి కాదు, అత్తగారికే చెయ్యి. "వదినా, ఆ గుడ్డు మా పాప ఒక్కతే తినాల. మాత్ర మింగించు. పడకపోతే నర్సమ్మను అడిగి అన్నం తిన్నాక ఇయ్యి." ఇంతే మాట. ఇంతకు మించి ఉపన్యాసం అక్కర్లేదు.

సాయంత్రం తమ్ముడు క్యారియరు తెచ్చాడు. ముప్పై ఎనిమిది. అదే అమ్మ కడుపు, అవే పత్తి చేలు, అదే లారీ సీటు. డాక్టరమ్మ రౌండ్సుకు వచ్చి వాడిని చూసింది.

"ఈయన ఎవరు?"

"తమ్ముడు మేడం."

"ఎప్పుడైనా బీపీ చూపించుకున్నారా? షుగరు? కొలెస్ట్రాల్?"

"నాకేం నొప్పి లేదు మేడం."

"కూర్చోండి. చొక్కా చెయ్యి పైకి లాగండి."

పట్టీ బిగుసుకుంది. గాలి వదిలారు. ఆమె అంకెలు రాసుకుని, నర్సును పిలిచి రక్తం తీయమంది. పైన 156, కింద 98. తమ్ముడు నీ వైపు చూస్తున్నాడు. అన్నా, ఇదేందన్నా అన్నట్టు. వాడి చొక్కా జేబులో బీడీ కట్ట ఉందని నీకు తెలుసు. లోపల వాడి ధమని కూడా ఎక్కడో రెండుగా చీలుతోంది, అక్కడ మూత ఇంకా చిట్లలేదు.

సూది గుచ్చిన చేయి కాదు, రెండోది చాపు. కట్ట అడుగు. ఇవ్వకపోతే మళ్లీ అడుగు.